ముప్పై రెండో ఫీజు

జాలరిపేట సందులో ఉన్న ఆ ప్రైవేటు స్కూల్లో జీతాల లెక్క కరస్పాండెంటు శివరామకృష్ణ ఒక్కడికే అర్థమయ్యేది. ఏ క్లాసు టీచరు జీతం ఆ క్లాసు ఫీజుల్లోంచే రావాలి. ఒక్క పిల్ల బాకీ ఉన్నా జీతం కదలదు. టీచరే బాకీవాళ్ళ ఇంటికి వెళ్ళి అడగాలి. వెళ్ళినందుకు ఇంటికి యాభై రూపాయల అలవెన్సు ఉందని కొత్త టీచర్లకి ఏదో వరమిచ్చినట్టు చెప్పేవాడు.

ఐదో తరగతి టీచరు మిరియం మూడు నెలలు చెప్పులరిగేలా తిరిగి, ముప్పై రెండుమందిలో ముప్పై ఒక్కరి ఫీజు రాబట్టింది. మిగిలిన ఒక్క పిల్ల పేరు అక్సా. మిరియం సొంత కూతురు.

“నా మూడు నెలల జీతం ఇరవై ఏడు వేలు మీ దగ్గరే ఉంది కదా సార్. అందులోంచి ఆరు వేలు కోసుకోండి,” అంది మిరియం.

“జీతం పుడితే కదమ్మా కొయ్యడానికి! ఫీజు పడితేనే జీతం పుడుతుంది. అక్సా వాళ్ళింటికి వెళ్ళి గట్టిగా అడగండి.”

వేళాకోళమేమోనని మొహంలోకి చూసింది. కాదు, మనిషి నిజంగానే అంటున్నాడు. మిరియంకి ఒళ్ళు మండిపోయింది. మర్నాడు బాకీల రిజిస్టరులో ఇలా రాసింది: ‘అక్సా ఇంటికి వెళ్ళాను. తల్లి దొరికింది. మంచి మనిషే. పనిచేసేచోట జీతం ఇవ్వడం లేదట. ఇస్తే కడతానంది.’ ఆయన చదవకుండా సంతకం పెట్టాడు. చేతికొచ్చిన యాభైతో ఉప్మారవ్వ వచ్చింది గాని హాల్ టికెట్టు రాలేదు. సోమవారం నుంచి పరీక్షలు. బాకీ పిల్లల్ని బయట నిలబెట్టాల్సింది క్లాసు టీచరే.

“మమ్మీ, నన్ను బయట నువ్వే నిలబెడతావా?” అని అన్నం తింటూ అడిగింది అక్సా.

శనివారం పొద్దున్న హాల్ టికెట్ల కోసం తల్లిదండ్రులు వరసకట్టారు. మిరియం ఒక పూట సెలవు పెట్టి ఆ వరసలోనే నిలబడింది. ఆమె ముందు చేపలమ్మే పోతమ్మ. తల్లిదండ్రుల ముందు శివరామకృష్ణ నోట్లో ఎప్పుడూ బెల్లంముక్కే. “రండమ్మా, కూర్చోండమ్మా” అంటూ తలెత్తి మిరియంని చూశాడు.

“ఇక్కడేంటి టీచర్?”

“టీచరు సెలవులో ఉంది సార్. నేను అక్సా తల్లిని. మా పిల్లకి పాఠం చెప్పే ఆవిడకి మూడు నెలలుగా జీతం లేదట. వీళ్ళంతా కట్టిన ఫీజు ఏమైంది?”

టికెట్టు తీసుకుని గుమ్మందాకా వెళ్ళిన పోతమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది.

“ఏటి సారూ, టీచరమ్మకి జీతం ఇవ్వనేదా? నాను నెత్తిన గంపెట్టుకుని సేపలమ్మి కట్టిన డబ్బులు ఏటి సేసినావ్?”

ఆయన చూపు తనకి తెలియకుండానే పైకప్పు మీదికి పోయింది. పైన కొత్త అంతస్తు కడుతున్న మేస్త్రీల చప్పుడు. వరసలోవాళ్ళంతా అటే చూశారు.

“మేడ తరవాత కట్టుకుందువు గాని, ముందు ఆవిడకి ఇచ్చీ. నేదంటే నా డబ్బులు నాకిచ్చీ, ఆవిడ సేతిలో నానే ఎడతాను,” అంది పోతమ్మ. వెనకనుంచి పదిమంది “అవును, ఇచ్చీ” అన్నారు.

పది నిమిషాల్లో జీతం పుట్టింది. అందులోంచే ఆరు వేలు కట్టి మిరియం అక్సా టికెట్టు తీసుకుంది.

మధ్యాహ్నం క్లాసులో మిరియం హాజరు వేస్తూ అందరితోపాటు అక్సా పేరూ పిలిచి, టికెట్టు చేతికిచ్చింది. అక్సా టికెట్టు అందుకుని, “ఫీజు కట్టేసేవా మమ్మీ?” అని చెవిలో అడిగింది.

“నేను కాదమ్మా. మీ టీచరు కట్టింది,” అంది మిరియం. మూడు నెలల తరవాత తనని తాను టీచరు అనుకోవడానికి ఆమెకి సిగ్గు వెయ్యలేదు.