స్టోరు బియ్యం ముట్టని ఇల్లు

ఎర్రన్నకు రెండే గొప్పలు. ఒకటి, ఆయన ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. రెండోది, భార్య రామసుబ్బమ్మ పొదుపు. టీ బంకు దగ్గర కూర్చుంటే ఈ రెండూ చెప్పకుండా లేచేవాడు కాదు. వినేవాళ్లకు విసుగు పుట్టినా, పెద్దాయన కదా అని ఊరుకునేవాళ్లు.

కదిరికి అవతల ఆ మెట్ట పల్లెలో రేషన్ కార్డు లేని ఇల్లు ఎర్రన్నది ఒక్కటే. రేషన్ దుకాణాన్ని ఊళ్లో స్టోరు అంటారు. నెల మొదట్లో జనం సంచులు పట్టుకుని స్టోరు ముందు నిలబడితే, ఈయన పంచె ఎగ్గట్టి సరిగ్గా వాళ్ల ముందు నుంచే చేనికి పోయేవాడు. వేరే దారి ఉన్నా సరే, ఆ దారినే. "పని చేసేటోనికి సర్కారు బియ్యం ఏటికప్పా?" అని ఒక మాట విసిరితే గానీ కాళ్లు కదిలేవి కావు. ఆ వరసలో ముసలివాళ్లుంటారనీ, కాలు విరిగి మూలపడినవాళ్ల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లుంటారనీ ఆయనకు తట్టేదే కాదు.

అదంతా వట్టి పొగరని కొట్టిపారేయలేం. ఆయన నాయన చిన్నప్పుడు కరువులో గంజి కేంద్రం దగ్గర చిప్ప పట్టుకుని నిలబడ్డాడట. పోసేవాడు "మళ్ళా వచ్చినావు కదరా దొంగా" అని నలుగురిలో మెడ పట్టి గెంటాడట. చచ్చేదాకా ఆ ముసలాయన మెడ తడుముకుంటూ ఆ మాటే చెప్పాడు. ఎర్రన్న అది వింటూ పెరిగాడు.

వానలు వరసగా ఎగ్గొట్టాయి. వేరుశనగ చేలోనే మాడిపోయింది. బోరు ఎండకముందు పండిన రాగులే ధాన్యం పోసే గరిసెలో మిగిలాయి. ఒకరోజు రామసుబ్బమ్మ సంగటి వడ్డించి, "మనం గూడా కార్డు రాయించుకుందామా?" అంది. ఎర్రన్న తిట్టలేదు, కొట్టలేదు. కంచం పక్కకు తోసి లేచిపోయాడు. పొద్దుగూకేదాకా ఇంటికి రాలేదు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆయన అప్పుడప్పుడూ గరిసెలోకి తొంగి చూసేవాడు. రాగులు ఆయన అనుకున్నంత తగ్గేవి కావు. ఉబ్బిపోయి టీ బంకుకు నడిచేవాడు. "మా ఇంట్లోది ఎట్ల సర్దుతాందో నాకే తెలీదప్పా. పొద్దున ముద్ద, మాపున ముద్ద, నాకేం తక్కువ చేయదు. గరిసె చూస్తే అట్లే ఉండాది!"

నిజంగానే ఆయనకు తెలీదు. ఆ ఇంట్లో మగవాడు తిని చెయ్యి కడుక్కుని పోయాకే ఆడది కూర్చుంటుంది. ఆయన తిని పోయేవాడు. వెనక ఆమె సంగటి కుండ కడిగిన నీళ్లలో ఇంత ఉప్పేసుకుని తాగి, గిన్నెలు బోర్లించేది. ఒక్కరోజు వెనక్కి తిరిగి చూసినా చాలు, తెలిసిపోయేది. చూడలేదు. మంచి మనిషే, కానీ చూడలేదు.

ఒక ఉదయం నీళ్ల బిందె ఎత్తుకోబోయి ఆమె కూలిపోయింది. పక్కింటి చౌడమ్మ కేకలకు ఎర్రన్న పరిగెత్తుకొచ్చి ఎత్తుకుంటే చేతులకు బరువే తగల్లేదు. ఆటోలో కదిరి ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరమ్మ రెప్ప కింద చూసి, "ఒంట్లో రక్తమే లేదు, గుండె తట్టుకోలేకపోతోంది. ఎన్నాళ్లుగా ఈమె సరిగ్గా తినడం లేదు?" అంది.

"తినకుండా ఎట్లుంటాది తల్లీ? గరిసెలో రాగులు ఉండాయి గదా" అన్నాడు ఎర్రన్న. అంటూనే ఆగిపోయాడు. గరిసె ఎందుకు తగ్గలేదో అప్పుడు అర్థమైంది.

"ఏటికి చేసినావే ఈ పని?" అన్నాడు, మంచం మీద కళ్లు తెరిచిన భార్యతో.

"రాగులు వానొచ్చేదాకా రావల్ల గదా" అంది రామసుబ్బమ్మ. కాసేపు ఊపిరి తీసుకుని, "ఏమయ్యా, ఊళ్లో ఎవురికీ చెప్పొద్దు. జరమొచ్చిందని చెప్పు. నీ మాట పోతాది" అంది.

రక్తం ఎక్కిస్తుండగానే మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

మర్నాడు చేని గట్టున ఆమెను పూడ్చి వచ్చారు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగే వండి తెస్తారు. చౌడమ్మ అన్నం, చారు తెచ్చి, ఆయన ముందు పెట్టడానికి జంకుతూ నిలబడింది.

"మా ఇంట్లో ఉండేది స్టోరు బియ్యమే అన్నా."

"రామసుబ్బమ్మకు ఎప్పుడన్నా పెట్టినావా?"

చౌడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పెట్టినా అన్నా. కూర్చునింది, ముద్ద గూడా కలిపింది. 'మా ఇంటాయప్ప ఊరంతా గొప్పగా చెప్పుకుంటాండాడు, నేను తింటే ఆయప్ప అబద్ధాలోడు అయిపోతాడు' అని చెయ్యి కడుక్కొని లేచి పోయింది."

వాకిట్లో కూర్చున్న చుట్టం ఒకాయన, "ఇంతకీ ఏమైందన్నా? జరమా?" అని అడిగాడు.

అవునంటే సరిపోయేది. అలా అనమనే ఆమె చెప్పి పోయింది.

"జరం గాదు. ఆకలి" అన్నాడు ఎర్రన్న, అందరికీ వినపడేలా. "నా ఇంట్లో, నా పక్కన, ఆకలికి సచ్చిపోయింది. నా మాట నిలబెట్టనీకి."

ఎర్రన్న కంచం దగ్గరికి లాక్కున్నాడు. నిన్నటి నుంచీ ఏమీ తినలేదు. ఇంత దుఃఖంలోనూ ఆకలేస్తున్నందుకు ఆయనకు తల ఎత్తుకోలేనంత సిగ్గేసింది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. మామూలు అన్నం. ఊళ్లో అందరూ తినేదే. ఇది తిని ఉంటే ఆమె బతికేది. కడుపు నిండేకొద్దీ ఏడుపు ఎక్కువైంది, అయినా ఆయన చెయ్యి ఆగలేదు.