దుప్పటికి రెండో కొస

తాళం వేసి, పడిందో లేదో అని రెండుసార్లు లాగి చూసి, బ్యాగు భుజాన సర్దుకుని సగం మెట్లు దిగాక పొడుగమ్మ ఆగిపోయింది. మొగుడు తెల్లారకముందే బస్సు డ్యూటీకి వెళ్ళిపోయాడు. కూతురు కాలేజీకి వెళ్ళింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో, ఎవరూ లేని ఇంట్లో తానొక్కతే గడిపిన రోజు ఒక్కటైనా ఉందా అని వెతికితే ఆమెకు దొరకలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో గానీ ఆ ఆలోచన మెట్ల మీద అడ్డంగా కూర్చుని ఆమెను కిందికి దిగనివ్వలేదు.

ఆమె పనిచేసేది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో, మడతల బల్ల దగ్గర. ఆ దుప్పట్లు ఒక్క మనిషికి లొంగవు. ఇద్దరు చెరో కొస పట్టుకుని, ఒక్కసారి విదిలించి, ఎదురెదురుగా నడిచి వచ్చి అంచులు కలపాలి. ఒకరు అందిస్తే మరొకరు అందుకోవాలి. ఆమెకు ఎదురుగా రెండో కొస పట్టేది పొట్టక్క. ఆ ఇద్దరికీ పేర్లు పెట్టినవాళ్ళు బుర్ర పెద్దగా కష్టపెట్టుకోలేదు. ఒక కొస ఎత్తుగా, ఒక కొస పల్లంగా ఉంటే మడత వంకర పోతుంది కాబట్టి పొట్టక్క ఎత్తుకు పొడుగమ్మే వంగాలి. వంగి వంగి సాయంత్రానికి ఆమె నడుము పాత తలుపులా కిర్రుమంటుంది. ఈ సంగతి పొట్టక్కతో ఎప్పుడూ అనలేదు. అననందుకు లోలోపల తనను తాను కొంచెం మెచ్చుకునేది కూడా.

మెట్ల మీదే నిలబడి ఫోన్ తీసింది. ఏం చెప్పాలి? ఎవరో పోయారని చెబుదామంటే చుట్టాల్లో మిగిలింది మొగుడి తరఫు వాళ్ళే. వాళ్ళలో ఎవరినైనా చంపేంత కోపం ఆ పూట ఆమెకు లేదు. అన్నిటికన్నా జ్వరమే సులువనిపించింది.

“సార్, రాత్రి నుంచి జ్వరం సార్. లేవలేకపోతున్నా.”

గొంతు దానంతటదే నీరసపడింది. ఇంత విద్య తనలో ఉందని ఆమెకే తెలీదు. అడగకపోయినా ఒక దగ్గు కూడా దగ్గింది.

“అయ్యో, అవునా? నువ్వు ఊరికే మానేదానివి కాదు కదమ్మా. మాత్ర వేసుకుని పడుకో,” అన్నాడు సూపర్‌వైజర్. అతను ఒక్క కసురు కసిరి ఉంటే చెల్లుకు చెల్లయ్యేది. ఆ మంచిమాట మాత్రం చెప్పులో రాయిలా రోజంతా గుచ్చుతూనే ఉంది.

తాళం తీసి లోపలికొచ్చింది. చెప్పులు బయట విడిస్తే ఎదురింటావిడ చూస్తుందని తెచ్చి తలుపు వెనక పెట్టింది. టీవీ పెడితే వినిపిస్తుంది. కిటికీ తీస్తే కనిపిస్తుంది. హాయిగా ఉందామని ఆగిపోయిన మనిషి సొంతింట్లో మునివేళ్ళ మీద తిరగసాగింది. మెట్ల మీద ఎవరి అడుగులు వినబడినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటోంది.

పడుకుంది గానీ నిద్ర రాలేదు. ఒళ్ళు మంచం మీద ఉన్నా చెవులు లాండ్రీలోనే ఉన్నాయి. ఈపాటికి ఆరబెట్టే మెషీన్ తలుపు తీసి, వేడి దుప్పట్లు బల్ల మీద గుట్టపోసి ఉంటారు. పొట్టక్క ఒక కొస పట్టుకుని ఎదురుగా ఎవరూ లేని చోటు వైపు చూస్తూ ఉంటుంది. ‘వాళ్ళు ఎవరినో ఒకరిని వేస్తారులే’ అని అటు తిరిగింది. ‘ఎవరున్నారని వేస్తారు?’ అని ఇటు తిరిగింది.

మధ్యాహ్నం ఆకలేసింది. డబ్బాలో సర్దుకున్న అన్నాన్ని కంచంలో పెట్టుకోవడానికి మనసు రాలేదు. నేల మీద కూర్చుని మూత తీసి, అలవాటు కొద్దీ సగం మూతలోకి తీసి పక్కకు జరిపింది. అది పొట్టక్క వాటా. లాండ్రీలో ఇద్దరూ డబ్బాలు మధ్యలో పెట్టుకుని తింటారు. ఇక్కడ ఎదురుగా గోడ ఉంది. మూతలో తీసిన అన్నాన్ని మళ్ళీ డబ్బాలో వేసుకుని తింటుంటే ఎవరి ముద్దో లాక్కున్నట్టు అనిపించింది.

సాయంత్రమయ్యాక, ఇక ఈ రోజు ఎలాగూ పాడైందనుకుని స్నానాలగదిలోకి వెళ్ళి తలకు పోసుకుంది. కూతురు ఇంకా రాలేదు, తొందరపెట్టేవాళ్ళు లేరు. బకెట్ నిండే దాకా ఆగి, వేడినీళ్ళు మాడు మీద పోసుకుంటుంటే మెడ నరాలు వదులయ్యాయి. ఆ రోజు మొత్తం మీద ఆమె దేని కోసం ఇల్లు కదల్లేదో అది ఆ కాసేపు దొరికింది. జుట్టు విరబోసుకుని, కూనిరాగం తీస్తూ బయటికొచ్చింది.

అప్పుడే తలుపు చప్పుడైంది.

“నేనేనే. తియ్యి.”

పొట్టక్క. పొడుగమ్మ మంచం మీది దుప్పటి లాగి తల మీదుగా కప్పుకుని తలుపు తీసింది. పొట్టక్క గోడ పట్టుకుని ఆయాసపడుతోంది. చంకలో బ్రెడ్డు పొట్లం ఉంది. ఆమెకు ఫోన్ లేదు. ఎవరితో మాట్లాడాలన్నా కాళ్ళతోనే వెళ్ళాలి, ఆ కాళ్ళేమో మోకాళ్ళ దగ్గర ఎప్పుడో సమ్మె కట్టాయి.

“నువ్వెందుకక్కా ఇంత దూరం? ఆ మోకాళ్ళేసుకుని మెట్లెక్కి...”

“ఉన్నవే కదా, అరిగితే అరిగాయి. నువ్వు పడుకో ముందు.”

మంచం మీద కూర్చోబెట్టి నుదురు మీద చెయ్యి పెట్టింది. గరుకు చెయ్యి, ఆరిన దుప్పట్ల వాసన. “కాలట్లేదే. దిగిపోయినట్టుంది,” అంటూ ఆ చెయ్యి దుప్పటి కిందుగా పైకి వెళ్ళి తడిజుట్టు మీద ఆగింది. పొడుగమ్మ దుప్పటి మరింత దగ్గరికి లాక్కుంది.

“జ్వరమొచ్చి తల తడుపుకుంటారా ఎవరైనా? పిచ్చిమొహమా!”

తీగ మీది తువ్వాలు అందుకుని తుడవడం మొదలుపెట్టింది. కూర్చున్న పొడుగమ్మ తల నిలబడ్డ పొట్టక్క గుండెల దాకా వచ్చింది. చిన్నప్పుడెప్పుడో అమ్మ అలా తుడిచింది, ఆ తర్వాత ఎవరూ తుడవలేదు. ‘జ్వరం లేదక్కా, ఊరికే మానేశాను’ అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. అది అంటే ఆ చేతులు ఆగిపోతాయి. ఆగిపోతాయేమోనన్న భయంతోనే ఆమె అనలేదు. తలవంచుకుని, సిగ్గుతో చచ్చిపోతూ, తుడిపించుకుంది.

“నా బదులు ఎవరినేశారు?”

“ఎవరున్నారే? కిటికీని జతేసుకున్నా. ఊచకి తాడు కట్టి రెండు క్లిప్పులు తగిలించా. ఓ కొస అది పట్టింది, ఓ కొస నేను. నీలాగ వాగదు కూడాను!” అని నవ్వింది. తువ్వాలు తీగ మీద వేస్తూ, “మధ్యాహ్నం నీకో మాట చెబ్దామనుకున్నా,” అంది.

“చెప్పక్కా.”

“ఇప్పుడొద్దులే. ఒంట్లో బాగోనప్పుడు అవన్నీ ఎందుకు.”

వెళ్ళడానికి లేచిన పొట్టక్క కంటికి పొడుగమ్మ భుజాల మీది నుంచి జారి నేల మీద పడ్డ దుప్పటి కనబడింది. నలిగిన దుప్పటిని చూసి ఊరుకోవడం ఆమె వల్ల కాదు. ఒక కొస ఎత్తింది. అంతే. పొడుగమ్మ ఏం చేస్తున్నదీ తెలియకుండానే మంచం మీది నుంచి దూకి రెండో కొస అందుకుంది. ఇద్దరూ వెనక్కి నడిచారు. ఫట్‌మని విదిలించారు. పొడుగమ్మ నడుము తానుగా వంగింది. ఎదురు నడిచి, అంచులు కలిపి, అందించి, అందుకుని, మళ్ళీ మడిచారు. చివరి మడత దగ్గర నాలుగు చేతులూ ఒకచోట చేరాక గానీ తాను రోగినన్న సంగతి పొడుగమ్మకు గుర్తు రాలేదు.

పొట్టక్క ఆ చేతుల్ని కాసేపు వదల్లేదు.

“బలం తగ్గలేదులే,” అంది మెల్లగా. కోపం లేదు, ఎగతాళి లేదు. దుప్పటి మంచం మీద పెట్టి, అంచు సరిచేసి, “బ్రెడ్డు తిను. జాగ్రత్తే,” అని వెళ్ళిపోయింది.

ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి దిగుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది. పరిగెత్తితే అందుకునేది. రేపు బల్ల దగ్గర చెప్పేద్దాంలే అనుకుంది. రేపు ఎక్కడికీ పోదు కదా.

మర్నాడు రోజూకన్నా ముందే లాండ్రీకి చేరింది. దారి పొడుగునా మాట కూర్చుకుంటూ వచ్చింది. ‘తిట్టు అక్కా, నాలుగు తిట్టు, పడతా.’ లోపల మెషీన్లు వేసే అతను ఒక్కడే ఉన్నాడు.

“జ్వరం తగ్గిందా వదినా?”

“తగ్గింది. అక్క ఇంకా రాలేదా?”

అతను వింతగా చూశాడు. “నీకు చెప్పలేదా? నిన్నటితో ఆఖరు కదా. మోకాళ్ళు ఇక పనికి రావన్నారట డాక్టరు. ఇవాళ తెల్లారకముందే తమ్ముడొచ్చి తన ఊరికి తీసుకెళ్ళిపోయాడు. సార్‌కి ముందే చెప్పింది. నీకు మాత్రం అన్నం తినేటప్పుడు తనే చెప్పుకుంటానంది. నిన్న నువ్వు రాలేదుగా.”

పొడుగమ్మ బల్ల అంచు పట్టుకుంది. ఆ తమ్ముడుండే ఊరేదో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. కలిపి తిన్న అన్నం ఎంతో ఉంది, అడిగింది మాత్రం ఏమీ లేదు.

“ఎంత మొండిదో చూడు,” అతను చెబుతూనే ఉన్నాడు. “నిన్న పొద్దున తన ఎత్తుకి కట్టుకున్న తాడు, సాయంత్రం పోయేముందు విప్పింది. డబ్బా ఎక్కి మళ్ళీ పైకి కట్టింది. పడతావక్కా అంటే వింటేగా! ‘జ్వరమొచ్చి లేచిన పిల్ల, రేపు దానికి జత ఎవరూ ఉండరు. ఎన్నేళ్ళు వంగిందో నా కోసం, ఇంక వంగకూడదు’ అంది.”

పొడుగమ్మ కిటికీ వైపు నడిచింది. క్లిప్పులు రెండూ సరిగ్గా ఆమె చేతుల ఎత్తులో ఉన్నాయి. వాటి కింద సబ్బుపొడి డబ్బా బోర్లించి ఉంది, దాని మీద తెల్లటి పొడిలో రెండు పొట్టి పాదాల గుర్తులు, మునివేళ్ళ దగ్గర లోతుగా.