దానియేలు చేతి గంట

ఆ చర్చి గంట దానియేలు చేతికి తప్ప మరెవరి చేతికీ మోగదు. ఈ సంగతి కాజీపేట రైలింజన్లకు కూడా తెలుసు.

ఆ పొద్దున కూడా దానియేలు అరచేతికి తువ్వాల చుట్టుకుని, మోకు పట్టుకుని, మునివేళ్ల మీద లేచి లాగాడు. మోగించాక తువ్వాలను మోకుకే తగిలించాడు.

పడుచుతనంలో తన కొలువు ఇంకొకరికి ఇస్తారని విని అతను పుట్టించిన మాట, గంట తన చేతికే మోగుతుందన్నది. చర్చి వెనక గదిలో ఒక పాత పటం ఉంది. ఇంగ్లండులో ఏదో పల్లె, ఎనిమిది వందల ఏళ్లనాటి రాతి చర్చి, సమాధుల మధ్య గొర్రెలు. ఈ గంట అక్కడిదేనట. అక్కడ తాతల నుంచి ఒకే ఇంటివాళ్లు గంట కొట్టారట. మహమ్మారికి ఊరంతా పోయినా, గంట కొట్టేవాడి దగ్గర చావు గుమ్మం బయటే కూర్చుందట, అతను మోకు వదిలేదాకా. ఒకసారి పరాయివాడు ముట్టుకుంటే బురుజు ఒరిగిందట. నమ్మనివాళ్లకు పటంలో ఒరిగిన బురుజును చూపించేవాడు. ఒక మేకు ఊడి పటమే ఒరిగిన సంగతి అతనికొక్కడికే తెలుసు.

అప్పటినుంచి అతనికి సెలవు లేదు. రోజూ మూడు పూటలా గంట. బండ్లు ఢిల్లీకీ మద్రాసుకూ పోయేవి, దానియేలు మోకు పొడవు దాటలేదు. తల్లి పోయిననాడు మధ్యాహ్నం గంట కొట్టి స్టేషన్ ఘన్‌పూర్ చేరేసరికి, అక్క రత్నమ్మ చేతులకంటిన సమాధి మట్టి కడుక్కుంటోంది.

ఇప్పుడు ఆ అక్కే ఆఖరి ఘడియల్లో ఉందని పాలాయన కబురు తెచ్చాడు.

"ఫాదర్, ఇప్పటి బండికి పోత. అక్కకు బాగలేదు."

"మరి మధ్యాహ్నం గంట ఎవలు కొట్టాలె?" అన్నాడు ఫాదర్ ఇమ్మానుయేలు. "బురుజు ఒరుగుతదని నువ్వే అంటివి గద. రాత్రి బండికి పో."

"ఎవలైన కొట్టొచ్చు ఫాదర్. నేను ఉత్తగనే అన్న."

ఫాదర్ జాలిగా అతని భుజం తట్టాడు. "అక్క మీది పాయిరం నీతోని అబద్ధమాడిస్తాంది, దానియేలూ."

ఇన్నేళ్లలో చెప్పిన ఒకే ఒక్క నిజం. అదీ చెల్లలేదు.

అంతలో గంట ఠంగుమంది. మళ్లీ ఠంగుమంది. ఇద్దరూ పరుగెత్తారు. చర్చి ఊడ్చే యాకమ్మ మేక మోకు కొస నములుతూ మెడ విసిరి లాగుతోంది. దానియేలు కంటే శ్రావ్యంగానే కొడుతోంది.

యాకమ్మ చీపురు గోడకు ఆనించింది. "ఏం దానియేలన్న, నా మేక గుడ ఇంగ్లండుదేనా?"

ఫాదర్ తమ చర్చి బురుజు వైపు చూశాడు. అది నిటారుగానే ఉంది. తర్వాత దానియేలు వైపు చూశాడు.

"పటానికి మేకు ఊడింది ఫాదర్. బురుజు ఒరగలే. నౌకరి పోతదని అట్ల చెప్పిన. గా అబద్ధంతోనే అమ్మ మొఖం గుడ చూడలే."

ఫాదర్ మేక నోట్లోంచి మోకు లాగాడు. "బండి టైమైతాంది, ఉరుకు," అన్నాడు.

రత్నమ్మ ఆ సాయంత్రం తమ్ముడి చెయ్యి పట్టుకునే పోయింది. మరునాడు మట్టి దానియేలు చేతులకూ అంటింది.

ఇక్కడ కాజీపేటలో మూడు పూటలా యాకమ్మే గంట కొట్టింది. మేక నమిలిన చోటుకు కాస్త పైన, మోకుకు దానియేలు తువ్వాల అట్లాగే వేలాడుతోంది, అతని పిడికిలి మడత విడకుండా.