ఎనిమిది దెబ్బల ఖాళీ

మస్కట్‌లోని తెలుగు క్రైస్తవుల్లో బలంగా నాటుకున్న నమ్మకం ఒకటుంది. ట్రంపెట్ వాద్యకారుడు జెరెమియా తన ప్రతి బాణీ మధ్యలోనూ కాసేపు వాయించడం ఆపి, తల వంచి, దేవుణ్ణి ప్రార్థించేవాడని. ఆ మౌనమే ఆయన సంగీతానికి ప్రాణమని కూడా వారంటారు. నేను ఇక్కడి బడిలో ఇరవై ఎనిమిదేళ్లు భౌతికశాస్త్రం చెప్పి విరమించినవాణ్ణి. ఏ నమ్మకం విన్నా ఆధారం అడగడం నా అలవాటు. అయినా ఈ నమ్మకాన్ని పరీక్షించాలన్న ఆలోచన నాది కాదు, సెలిన్‌ది.

ముందుగా జెరెమియా గురించి కొంత చెప్పాలి. కాకినాడ దగ్గర ఒక మిషన్ బడిలో బ్యాండుమేళంలో కార్నెట్ అనే చిన్న ట్రంపెట్ ఊదడం నేర్చాడు. 1986లో ఒక నిర్మాణ కంపెనీకి స్టోర్‌కీపర్‌గా ఒమాన్‌లోని సమాయిల్ అనే ఊరికి వచ్చాడు. అక్కడి క్యాంపులో ఒక ఫిలిప్పీన్స్ ఎలక్ట్రీషియన్ తన క్యాసెట్లు వినిపించాడు. జాజ్ అనే మాట జెరెమియా చెవిన పడింది అప్పుడే. ఏడేళ్లు తిరిగేసరికి మస్కట్‌లో ఖురం అనే పేటలో సముద్రపు ఒడ్డునున్న ఒక హోటల్ ఆయన్ను వాద్యకారుడిగా తీసుకుంది. చివరిదాకా అక్కడే ఉన్నాడు. నలభైకి పైగా బాణీలు కట్టాడు. శిష్యులకు కాగితం మీద రాసివ్వడం తక్కువ. ఏ పలుకునైనా ముందు నోటితో పాడించి, తర్వాతే ఊదనిచ్చేవాడు. ఈనాడు దుబాయిలో, దోహాలో, బహ్రెయిన్‌లో ఆయన పద్ధతిలో వాయించేవాళ్లు కనీసం ముప్పైమంది ఉన్నారు. ట్రంపెట్‌ను మనిషి గొంతులా, కాస్త బొంగురుగా, కాస్త నవ్వుతున్నట్టుగా పలికించడం వారందరికీ ఆయన నుంచే వచ్చింది. ఆ మౌనం కూడా ఆయన నుంచే వచ్చింది.

ఆయన పోయి మూడేళ్లయింది. హోటల్లో శుక్రవారం మధ్యాహ్న భోజన వేళ వాయించే బ్యాండును ఇప్పుడు సెలిన్ నడుపుతోంది. ఆమె మస్కట్‌లోనే రువీ పేటలో నర్సు; బడిలో నా దగ్గర చదువుకుంది, పన్నెండో ఏట నుంచి జెరెమియా దగ్గర ట్రంపెట్ నేర్చుకుంది. కీబోర్డు ఏలియాది. అతను సంఘపెద్ద కూడా. బాణీలో ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా అతను కళ్లు మూసుకుంటాడు. మిగతా ఇద్దరూ అతన్ని చూసి తల వంచుతారు. ఒకసారి ప్రార్థనామందిరంలో అలాంటి బాణీ ఒకటి వాయిస్తే, వెనక వరుసల్లో కొందరు లేచి నిలబడ్డారట.

హోటల్లో అతిథులు మాత్రం వేరే కారణంతో లేస్తున్నారు. మొదటి ఖాళీకి పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొడతారు. రెండో ఖాళీకి బిల్లు అడుగుతారు. ఇక మూడోదాకా ఆగేవారు తక్కువ. హోటల్ మేనేజరు ఫయాజ్ కర్నూలువాడు, మర్యాదస్తుడు. ఆ సంగతి సెలిన్‌తో చెప్పడానికి ఆరు నెలలు మొహమాటపడి, చివరికి చెప్పేశాడు.

“పాట మధ్యలో కరెంటు పోయినట్టుంటాది సెలినక్కా. ఆ ఖాళీలో ఏమన్నా ఒకటి నింపు. లేకుంటే శుక్రవారాలు మాకు రికార్డు పాటలు చాలు. రెండు వారాలు చూస్తా.”

బ్యాండులో నలుగురివీ నాలుగు చోట్ల డ్యూటీలు. వారిని ఒకచోట చేర్చేది ఆ శుక్రవారం ఒక్కటే; అది పోతే బ్యాండు విడిపోతుందని, ఆయన బతికిన ఊళ్లో ఆయన బాణీలు వినిపించే చోటు మరొకటి ఉండదని సెలిన్‌కు తెలుసు. మౌనాన్ని తీసేద్దామంటే ఏలియా ఒప్పుకోడు. గురువు ప్రార్థనను హోటల్ వాళ్ల కోసం చెరిపేసిన పాపం తనకొద్దన్నాడు. ఆమెకూ మనసొప్పలేదు. అందుకే గడువులో ఒక వారం గడిచిపోయాక, ఆదివారం నాడు ఒక పెన్‌డ్రైవ్ పట్టుకుని హమ్రియాలోని మా ఇంటికి వచ్చింది.

“మీరు దేవుణ్ణి నమ్మరు కదా మాస్టారూ, మీకు ఏ వైపూ మొహమాటం ఉండదు. అది ప్రార్థనో కాదో తేల్చండి. ప్రార్థనే అయితే హోటల్ వదిలేస్తాను.”

పెన్‌డ్రైవ్‌లో జెరెమియా హోటల్లో వాయించిన ముప్పైయొక్క రికార్డింగులున్నాయి. మూడు రోజులు స్టాప్‌వాచ్ పట్టుకుని విన్నాను. ప్రతి ఖాళీనీ కొలిచి పట్టిక వేశాను. నడక నిదానంగా ఉన్నచోట మౌనం దాదాపు ఆరు సెకన్లు, చురుగ్గా ఉన్నచోట మూడు. సెకన్లు మారుతున్నాయి కానీ, తాళం వేసి చూస్తే ప్రతిసారీ సరిగ్గా ఎనిమిది దెబ్బలు. ముప్పైయొక్క రికార్డింగుల్లో ఒక్కదానిలోనూ ఏడు లేవు, తొమ్మిది లేవు. భక్తుడి ప్రార్థన ఒకనాడు పొడుగు, ఒకనాడు పొట్టి. ఇది కొలిచి కోసిన జాగా.

బుధవారం సెలిన్‌తో పాటు ఏలియా కూడా వచ్చాడు. పట్టికను వేలితో గీస్తూ మొత్తం చదివి, “దేవుడు తాళం తప్పడు మాస్టారూ” అన్నాడు. సెలిన్ నవ్వు ఆపుకోవడానికి వంటగదిలోకి వెళ్లి మంచినీళ్లు తెచ్చుకుంది.

కొలతను బట్టి ఆ చోట ఏదో వాయించి ఉండాలని తేలింది. ఏం వాయించారో, ఎవరు వాయించారో కొలత చెప్పదు. చెప్పగలిగినవారు ఒక్కరే ఉన్నారు: జెరెమియా భార్య మేరీకుమారి గారు. ఆమె ఇక్కడి ఒక ఆసుపత్రిలో ముప్పైయేళ్లు పనిచేసి విరమించారు. ముగ్గురం ఆ సాయంత్రమే వెళ్లాం. ఆవిడ పట్టిక వంక చూడనైనా చూడలేదు. టీ కప్పులు అందిస్తూ మామూలుగా చెప్పేశారు.

“అది లచ్చన్న జాగా అండీ. సమాయిల్ క్యాంపులో మావారు ట్రంపెట్ ఊదితే అతను డప్పు కొట్టేవాడంట. తొలి బాణీలన్నీ అక్కడే పుట్టాయి. అప్పటి హోటల్ వాళ్లు డప్పు వద్దన్నారు. అతని వంతు వేరొకరికి ఇవ్వడం ఇష్టం లేక వీరు తర్వాత కట్టినవాటిలో కూడా అలాగే ఖాళీగా ఉంచేశారు.”

మరి తల వంచేది ఎందుకని ఏలియా అడిగాడు. చెవిలో డప్పు వింటూ లెక్క చూసుకునేవారని ఆవిడ చెప్పారు. ఇన్నేళ్లూ ఈ మాట ఎందుకు చెప్పలేదని సెలిన్ అడిగింది. ఎవరూ అడగలేదని, ప్రార్థన అంటుంటే మంచిమాటే కదా అని ఊరుకున్నానని జవాబు. ఏలియా కప్పు కింద పెట్టి, లచ్చన్న ఇప్పుడెక్కడున్నాడని అడిగాడు.

లచ్చన్నది జగిత్యాల వైపు. మేస్త్రీ పని మానేశాక సమాయిల్‌లోనే ఒక ఖర్జూరపు తోటను చూసుకుంటున్నాడు. గురువారం పొద్దున సెలిన్ కారులో వెళ్లాం. అరవై దాటిన మనిషి, నీళ్ల కాలువ గట్టు మీద కూర్చుని పార పిడి సరిచేసుకుంటున్నాడు. జెరెమియా పేరు వినగానే పార పక్కన పెట్టాడు.

ఇక్కడ నేను నా పద్ధతి వదల్లేదు. ఎవరైనా పాత స్నేహాన్ని పెంచి చెప్పుకోవచ్చు. ఏమీ వివరించకుండా ఫోనులో 2014 నాటి బాణీ ఒకటి పెట్టాను. అది ఖురంలో కట్టినది, అతను విని ఉండే అవకాశం లేదు. లచ్చన్న మొదటి చుట్టు తల ఊపుతూ విన్నాడు. ఖాళీ వచ్చేసరికి నీళ్ల డబ్బా మీద రెండు చేతులతో ఎనిమిది దెబ్బలు వేశాడు. చివరి దెబ్బ ఆగడమూ ట్రంపెట్ అందుకోవడమూ ఒక్కసారే జరిగాయి. రెండో ఖాళీలోనూ అంతే, కానీ దెబ్బల కూర్పు వేరు. తర్వాత, జెరెమియా వాయించినదే కానీ వేరొకరు కట్టిన బాణీ ఒకటి పెట్టాను. లచ్చన్న చేతులు ఒళ్లో పెట్టుకుని మొత్తం విన్నాడు.

“ఇది మంచిగనే ఉన్నది సారూ. కానీ ఇండ్ల నా జాగ లేదు. జెరెమన్న కట్టింది కాదు గదా?”

నేను ఫోను ఆపేశాను. పరీక్ష ముగిసింది.

హోటల్లో జెరెమియా ఆ జాగాను ఇరవై ఏడేళ్లు ఎవరికీ ఇవ్వకుండా ఉంచాడని సెలిన్ చెప్పి, శుక్రవారం వచ్చి దాన్ని నింపమని అడిగింది. లచ్చన్న తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఫోన్లో ఎన్నోసార్లు మాట్లాడుకున్నామని, పాడు మనిషి ఈ ముచ్చట మాత్రం ఎన్నడూ చెప్పలేదని తిట్టాడు. తిడుతూనే రూమ్‌లోకి వెళ్లి డప్పు తెచ్చాడు. మేకతోలు సమాయిల్ సంతదే, చట్రం కట్టుకున్నది మాత్రం తనే. తోట యజమాని అరబీ పెద్దమనిషి. శుక్రవారాలు వాయించుకోవడానికి అనుమతి కాగితం రాసిస్తూ, పెళ్లికా అని అడిగాడట. అట్లాంటిదే అన్నాడు లచ్చన్న.

మర్నాడు ఫయాజ్ ఇచ్చిన గడువులో ఆఖరి శుక్రవారం. పన్నెండు గంటలకు హోటల్ వెనక గుమ్మం దగ్గర మొదటి చిక్కు వచ్చింది. డప్పు పలకాలంటే ముందు తోలు వేడెక్కాలి. మంట వేస్తానంటే కాపలావాళ్లు హడలిపోయారు. లచ్చన్న కాసేపు అటూ ఇటూ చూసి, ఎండలో నిలిపిన ఫయాజ్ కారు బానెట్ మీద డప్పు బోర్లించాడు. పది నిమిషాల్లో తోలు కంచులా మోగింది. ఫయాజ్ తన కారు వైపూ డప్పు వైపూ మార్చి మార్చి చూసి, ఇంకా ఏమైనా కాచుకోవాలంటే ఇంజను ఆన్ చేస్తానన్నాడు.

మొదటి బాణీ సమాయిల్ రోజులదే. సెలిన్ చుట్టు ముగించి ట్రంపెట్ దించింది. ఏలియా అలవాటు కొద్దీ కళ్లు మూసుకున్నాడు. లచ్చన్న డప్పు పుల్లలు రెండూ, కుడిచేతి లావు కర్రా ఎడమచేతి సన్న చిటికెనపుల్లా, తోలు మీద పడ్డాయి: రెండు బరువుగా, మూడు చిలిపిగా, మూడు ఉరుకుతూ. ఏలియా కళ్లు తెరిచాడు. చప్పట్లకు లేచిన ఒకటి రెండు చేతులు గాల్లోనే ఆగి, తాళం వేయడం మొదలుపెట్టాయి. రెండో ఖాళీలో లచ్చన్న మొదటిదాన్ని తిరగేసి కొట్టాడు. సెలిన్ దాన్ని అందుకుని ట్రంపెట్‌లో అలాగే పలికించింది. మూడోసారి అతను ఏడు దెబ్బలే వేసి, ఎనిమిదోదాన్ని కనుబొమ్మతో ఆమెకు విసిరాడు. ఆమెకు నవ్వొచ్చి స్వరం జారింది. జారిన చోటు నుంచే కొత్త పలుకు ఎత్తుకుంది. కిటికీ దగ్గర కూర్చున్న ఒమానీ కుటుంబంలోని పెద్దావిడ బల్ల మీద చెంచాతో లెక్క కట్టడం మొదలుపెట్టింది. వంటవాళ్లు గుమ్మంలోకి వచ్చారు. ఏలియా తలతో కాక భుజాలతో ఊగాడు.

నాలుగో బాణీకి ముందు లచ్చన్న డప్పు చల్లారిందని సైగ చేశాడు. దాన్ని కారు దగ్గరకు తీసుకెళ్లి మళ్లీ కాచుకుని తెచ్చింది ఫయాజే.

భోజనాలు మూడింటికి ముగియాల్సింది, నాలుగున్నర దాటింది. అతిథుల్లో పాట మధ్యలో లేచినవారు ముగ్గురు. ఆ ముగ్గురూ సెలిన్ దగ్గరికి ఒక బాణీ మళ్లీ వాయించమని అడగడానికి వచ్చినవారే.

తర్వాతి ఆదివారం హోటల్ బ్యాండుకు ఏడాది ఒప్పందం ఇచ్చింది. అందులో వాద్యకారుల పేర్లు ఐదు. చివరిది: లచ్చన్న, డప్పు.