కొసలు కోసిన ముడి

కిరిమినె సీమలో మనిషి పోతే తెల్లారేసరికి పొగమంచై గాలిలో కలిసిపోతాడు. కట్టుకున్న బట్టలే మిగులుతాయి. అందుకే అయినవాళ్ళు ముందుగానే అతని నడికట్టు, చెప్పుల తాళ్ళు, జుట్టుముడి అన్నీ విప్పి ఉంచుతారు. ఒక్క ముడి మిగిలినా ఆ మంచు అందులోనే చిక్కుకుపోతుంది. తనే వేసుకున్న ముడిని అయినవాళ్ళు విప్పొచ్చు, ఇంకొకరు వేసిన ముడిని మాత్రం వేసినవాళ్ళే విప్పాలి.

తొమొహిరా ప్రభువు శిరస్త్రాణం ముడి మాత్రం విప్పకుండా మిగిలిపోయింది. ఆఖరి యుద్ధానికి బయలుదేరిన ఉదయం ఆయన గడ్డం కింద పట్టుతాడు ముడివేసి, కొసలు కోసింది సేనాని మునెకద. కొసలు కోయడమంటే ఇక విప్పుకోను, వెనక్కి రాను అని ఒట్టు పెట్టుకోవడం. యుద్ధం గెలిచారు, ప్రభువు పోయాడు. ఒట్టు ముడి విప్పితే ద్రోహమవుతుందని మునెకద దాన్ని ముట్టుకోలేదు. మర్నాడు ఖాళీ శిరస్త్రాణంలోంచి ప్రభువు గొంతు పలికింది.

కోటంతా అది వరమనుకుంది. ఏ కనుమలోంచి శత్రువు వస్తాడో, ఏ గట్టు తెగుతుందో ఆ గొంతు ముందే చెప్పేది. మునెకద రోజూ దాని ముందు మోకరిల్లి ఆజ్ఞ తీసుకునేవాడు. ఏనాడూ మాట జవదాటలేదు. భార్య పోయిన నాడు కూడా ఆజ్ఞ తీసుకున్నాకే ఇంటికి వెళ్ళి ఆమె ముడులు విప్పాడు. అలాగే తల నెరిసింది.

ఈమధ్య ఆ గొంతు ఎప్పుడో పోయినవాళ్ళను పేరుపెట్టి పిలుస్తోంది. నిన్న, శత్రువు ఉగాయి మినసె లోయలో దాక్కున్నాడని, పొద్దు పొడిచేసరికి లోయను తగలబెట్టమని చెప్పింది. ఉగాయి ఆ ఆఖరి యుద్ధంలోనే మునెకద కత్తికి బలైనవాడు. లోయలో ఉన్నది రెల్లు కోసుకు బతికేవాళ్ళు, వాళ్ళ పిల్లలు. ఆ మాట వినయంగా మనవి చేస్తే, గొంతు అదే ఆజ్ఞను మళ్ళీ చెప్పింది.

తెల్లవారుజామున కోట ముంగిట సేన కాగడాలతో నిలబడి ఉంది. ఆజ్ఞ నెరవేర్చి, ఆ మంటల్లోనే తానూ ఉండిపోవాలని మునెకద నిశ్చయించుకున్నాడు. తన శిరస్త్రాణం తాడు బిగించి, కొసలు కోసుకుని, సెలవు తీసుకోవడానికి ప్రభువు గదికి వచ్చాడు.

గుమ్మంలో ప్రభువును పెంచిన దాది ఒకినె గంజి గిన్నెతో కూర్చుని ఉంది. ఆమె చూపు అతని గడ్డం కిందే ఆగింది.

"కొసలు కోసుకున్నావన్నమాట. పసిపిల్లల మీదికి పోవడానికి కూడా ఒట్టు కావాలా నాయనా?"

"ప్రభువు ఆజ్ఞ దాదమ్మా."

"ఆజ్ఞా పాడా! వాడు నిద్దర్లేక కలవరిస్తున్నాడయ్యా. చిన్నప్పుడూ అంతే. మెడ దగ్గర ఏం కట్టి ఉన్నా కన్ను మూసేవాడు కాదు. టోపీ విప్పేదాకా ఇల్లు పీకి పందిరేసేవాడు. నేను విప్పుదునా అంటే, ఆ ముడి నాది కాదు."

ఇన్నేళ్ళూ వరమనుకున్నది నిద్రలేమి అని మునెకదకు తట్టనే లేదు.

లోపలికి వెళ్ళి మోకరిల్లాడు. కొసలు లేని తాడు వేళ్ళకు అందలేదు. రొమ్మున దాచుకున్న భార్య తలసూదిని బయటికి తీశాడు. అది ఎముకతో చేసింది, మొన అరిగి మెత్తబడింది. పట్టు చిరగకుండా దాంతో ఒక్కో పేటా వదులు చేస్తూ పోయాడు. సూది జారినప్పుడల్లా మళ్ళీ మొదలుపెట్టాడు.

"మునెకదా, తెల్లారిందా?" అంది గొంతు. కిటికీలో అప్పటికే వెలుగొచ్చింది.

జీవితంలో మొదటిసారి ప్రభువుతో అబద్ధమాడాడు. "ఇంకా లేదు ప్రభూ. పడుకోండి."

"ఉగాయి..."

"వాడి సంగతి నేను చూసుకున్నాను."

ముడి జారింది. శిరస్త్రాణంలోంచి సన్నటి మంచు లేచి, ఒక్క క్షణం అతని నుదుటికి చల్లగా తగిలి, కిటికీలోంచి వెళ్ళిపోయింది. పసిపిల్లవాడు నిద్రలో వదిలే ఊపిరిలాంటి చప్పుడు గుమ్మంలో ఉన్న ఒకినెకు కూడా వినిపించింది. ఆమె కళ్ళొత్తుకుంది.

మునెకద ముడి వీడిన శిరస్త్రాణాన్ని రెండు చేతులా పట్టుకుని బయటికొచ్చాడు. ప్రభువు పరమపదించారని, కాగడాలు ఆర్పి ఇళ్ళకు వెళ్ళమని సేనతో చెప్పాడు. ఎవరూ కదల్లేదు. వేలాడే తాడును చూశాక ముసలి సైనికుడొకడు కాగడాను నేలకు రుద్ది ఆర్పాడు. ఆ తర్వాత ఒక్కొక్కటే ఆరిపోయాయి. దూరాన మినసె లోయలో పొయ్యిల పొగ మాత్రం నిటారుగా లేస్తోంది.

అతను తిరిగి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. ఒట్టు ముడి విప్పిన ద్రోహికి ఇక బతుకెందుకన్నాడు.

ఒకినె గంజి గిన్నె ముందుకు జరిపింది. "చేతులు ఎలాగూ అలవాటుపడ్డాయిగా. ఇంకొకటి విప్పుకో. తలమీద ఆ ఇనుముతో గంజెలా తాగుతావు?"

మునెకద అరచేతిలోని ఎముకసూదిని కాసేపు చూసుకున్నాడు. తర్వాత తన గడ్డం కింద ముడిని వెతుక్కున్నాడు.