కాగితం రెండో వైపు

తయ్యబా చదువంతా ఒమన్ దేశం సీబ్‌లోని వాళ్ల ఇంట్లో ఫ్రిజ్ పక్క గోడ మీద ఉండేది. వాళ్లమ్మ నస్రీన్ స్కేలు పెట్టి గీసిన పట్టిక అది. నాలుగు టర్ములకు నాలుగు వరుసలు. ప్రతి గడిలోనూ అజైబా కాలేజీలో కూతురు చదివే కోర్సు పేరు, దాని కింద ఎర్ర సిరాతో అమెరికా యూనివర్సిటీలో అది దేనికి సమానమో ఆ పేరు. రెండేళ్లు ఇక్కడ చదివి, అరవై క్రెడిట్లు మూటగట్టుకుని అక్కడ మూడో ఏడాదిలో చేరాలి. అదీ మామూలు డిగ్రీలో కాదు. బొమ్మలు, బట్ట మీది పనితనం, చరిత్ర, మూడూ కలిపి నేర్పే ఆర్ట్స్ డిగ్రీలో.

"మూడు కూరలు ఒకే గిన్నెలో వండినట్టుండాదే" అని నవ్వాడు జహీరుద్దీన్. తయ్యబా తండ్రి అతను, ఒక కంపెనీలో స్టోర్ కీపరు.

"తినేది నువ్వు గాదు లే" అంది నస్రీన్.

కడపలో బి.ఏ. చదివి, ఆ చదువును పప్పు డబ్బాల మీద పేర్లు రాయడానికి తప్ప వాడని మనిషికి ఈ పట్టిక దొరికింది. ఒక లెక్కల కోర్సు అక్కడ చెల్లదని కాలేజీ వాళ్లకంటే ముందు పట్టుకున్నది ఆమే. కోర్సుల సలహాదారు దేవదాసుది రాజమండ్రి. పట్టిక చూసి, "నా ఉద్యోగం మీకిచ్చేసి నేను ఊరెళ్లిపోతానండీ" అన్నాడు. తర్వాత ఆఖరి వరుసలో ఖాళీగా ఉన్న గడి మీద వేలు పెట్టాడు. "ఇది సొంత ప్రాజెక్టమ్మా. ఇదొక్కటీ అమ్మాయికి వదిలెయ్యండి. మార్కులు అందరికీ వస్తాయి. ఆ డిగ్రీవాళ్లు చూసేది దీనికోసం వేసే బొమ్మలనే."

ఆ సాయంత్రం తయ్యబా ఆ గడిలో పెన్సిలుతో రాసింది: 'మా తాత విల్లు.'

నస్రీన్ తండ్రి పీరయ్యది ప్రొద్దుటూరు. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని వీధివీధీ తిరిగేవాడు. గట్టిపడిన పరుపుల్లోని దూదిని అరుగు మీద పోసి విల్లు తీగను చెక్కగుండుతో మీటితే టంయ్ టంయ్‌మని మోగేది, దూది మబ్బులా లేచేది. ఒమన్ వచ్చిన ఈ పన్నెండేళ్లలో నస్రీన్ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. "మా నాన్నది కాటన్ బిజినెస్" అనేది. పై వాటాలో ఉండే హైదరాబాదు ఇక్బాలున్నీసా ఒకసారి ఎవరి గురించో ఉర్దూలో, "ఇంట్లో తెలుగు మాట్లాడతారంట! వాళ్లూ ముసల్మానులేనంట!" అని నవ్వడం ఆమె విన్నది. ఆ రోజు తనూ నవ్వింది. అప్పటినుంచి ఇక్బాలున్నీసా మెట్లు దిగుతున్న చప్పుడు వింటే ఇంట్లో అందరూ ఉర్దూలోకి మారాల్సిందే.

"ఇది తీసెయ్" అంది నస్రీన్.

"ఎందుకమ్మా?"

"బొమ్మలు కాలేజీ హాల్లో పెడతారు. అందరూ వస్తారు."

"రానీ. పోయిన సెలవుల్లో తాత నాకు తీగ బిగించేది చూపించినాడు. నాలుగు బొమ్మలు అప్పుడే వేసినా. చేతులొక్కటే కుదర్ల్యా, అవి..."

"తయ్యబా! రేపు నీకు సంబంధం చూడాల్నా వద్దా? దూదేకులోళ్ల పిల్ల అని నువ్వే బోర్డు కట్టుకుని నిలబడతావా?"

తయ్యబా గోడ మీది పట్టికకేసి చూసింది. "మరేం వెయ్యాల?" అని అడిగింది.

అలా అడగకుండా గొడవపడి ఉంటే బాగుండేదని నస్రీన్‌కు తర్వాత ఎన్నోసార్లు అనిపించింది. అప్పుడు మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకుని, "బర్కా కోట తలుపులున్నాయి గదా, ఎంత బాగుంటాయో! అవి వెయ్" అంది. గడిలోని పెన్సిలు రాతను రబ్బరుతో చెరిపి, గుండ్రటి అక్షరాలతో 'ఒమన్ పాత తలుపులు' అని రాసింది. తాత బొమ్మలు వేసిన మందపు కాగితాలు రువీ బజారు నుంచి తెచ్చినవి. "మంచి కాగితాలు. పారెయ్యొద్దు, రెండో వైపు వాడుకో" అని కూడా చెప్పింది.

తయ్యబా పన్నెండు తలుపులు వేసింది. ప్రతి మేకూ, ప్రతి చెక్కుడూ ఉన్నది ఉన్నట్టు. హాల్లో వాటి ముందు నిలబడి ఇక్బాలున్నీసా "మాషాల్లా" అంటే నస్రీన్ పొంగిపోయింది. దేవదాసు మాత్రం అన్ని బొమ్మలూ చూసి, "నీట్‌గా ఉన్నాయమ్మా" అని ఊరుకున్నాడు. బొమ్మలు అమెరికాకు పోయాయి. ఆ చలికాలంలోనే ప్రొద్దుటూరులో పీరయ్య పోయాడు. విల్లు ఏమైందని నస్రీన్ ఫోన్లో అడిగితే, "చెదలు పట్టింది, పొయ్యిలో పెట్టేసినాం" అన్నాడు తమ్ముడు.

తొంభై ఎనిమిది మే నెలలో జహీరుద్దీన్ కంపెనీ పోస్టు బాక్సు నుంచి పెద్ద కవరు తెచ్చాడు. ఉత్తరం నస్రీనే చదివింది. అరవై క్రెడిట్లకు అరవై క్రెడిట్లూ ఒప్పుకున్నారు. ఒక్కటి కూడా పోలేదు. మామూలు బి.ఏ.లో చేరవచ్చన్నారు. ఆర్ట్స్ డిగ్రీలో మాత్రం సీటు ఇవ్వలేమన్నారు. తలుపులు శ్రద్ధగా వేశారు గానీ, వాటిని ఈ అమ్మాయే ఎందుకు వేయాల్సి వచ్చిందో తమకు తెలియలేదన్నారు.

బొమ్మలు తిప్పి పంపారు. నస్రీన్ ఒక్కొక్కటే లెక్కపెడుతూ నాలుగోదాన్ని వెనక్కి తిప్పింది. పీరయ్య అరుగు మీద వంగి కూర్చున్నాడు. భుజం, మెడ నరం, దూది అంటుకున్న కనుబొమలు, అన్నీ ఉన్నాయి. చేతులుండాల్సిన చోట రెండు మూడు గీతలే ఉన్నాయి. మూలన ఎవరో పెన్సిలుతో ఇంగ్లీషులో చిన్నగా రాశారు: 'ఈయన ఎవరు? ఈయన బొమ్మలే ఎందుకు పంపలేదు?'

అది ఎవరు రాశారో తెలియదు. నస్రీన్ ఆ బొమ్మను కింద పెట్టలేదు.

"మళ్లీ సంవత్సరం పంపుదాం నా తల్లీ" అంది, కూతురు వచ్చాక. "ఈ తాత బొమ్మలే వెయ్. నేను అడ్డం రాను."

తయ్యబా బొమ్మ తీసుకుని చూసి, మళ్లీ తల్లి చేతికే ఇచ్చింది. "చేతులు గుర్తులేవమ్మా. ఈసారి ఊరికి పోయినప్పుడు చూసి వేద్దామనుకున్నా." ఆ మాట కోపంగా అని ఉన్నా నస్రీన్ తట్టుకునేది.

మామూలు బి.ఏ. ఇక్కడే దూరవిద్యలో చేసుకోవచ్చు, దానికి అమెరికా ఎందుకంది తయ్యబా. అజైబాలో ఒక ఆఫీసులో కంప్యూటరు పనికి కుదిరింది. పొద్దున ఏడింటికి వ్యాను ఎక్కేది.

ఒక గురువారం ఇక్బాలున్నీసా వచ్చి అమెరికా సంగతి అడిగింది. "ఇత్తీ హోషియార్ బచ్చీ! కైకూ నై దియే సీటు?" ఇంత తెలివైన పిల్లకు సీటెందుకు ఇవ్వలేదని ఆమె ప్రశ్న.

నస్రీన్ ఉర్దూ వెతుక్కోలేదు. "నా వల్లే పోయింది అక్కా" అంది తెలుగులో. "మా నాన్న దూది ఏకేవాడు. వీధులెంబడి. పిల్ల ఆయన బొమ్మ వేస్తే నేనే వద్దన్నా."

చెప్పేసి తల వంచుకుని కూర్చుంది. ఇన్నేళ్లుగా ఆమె భయపడిన క్షణం అది.

"అచ్ఛా?" అంది ఇక్బాలున్నీసా ముందుకు జరిగి, ఆమె కూడా తెలుగులోనే. "మరి చెప్పవేమమ్మా ఇన్నాళ్లూ! మా అమ్మ ఇచ్చిన రజాయి రాయి లెక్క గట్టిపడ్డది. ఆ దూది ఎట్ల చేస్తే మెత్తగైతది?"

నస్రీన్ తలెత్తింది. "ముందు ఎండలో వెయ్యాల" అని మొదలుపెట్టింది. దూదిని ఎలా విప్పాలో, విల్లు ఎలా వేలాడదీస్తారో, ఎడమచేత్తో ఎక్కడ పట్టుకుంటారో గాలిలో చూపిస్తూ చెబుతోంది. తండ్రి చేతులు ఆమెకు పూర్తిగా గుర్తున్నాయి. బొటనవేలి మీది కాయతో సహా.

వ్యాను దిగి వచ్చిన తయ్యబా గుమ్మంలో ఆగి తల్లి చేతుల్ని చూసింది. మునుపైతే కాగితం కోసం పరిగెత్తేది. ఇప్పుడు చెప్పులు విప్పి పక్కన పెట్టింది. "టీ పెట్టనా అమ్మా?" అని అడిగి వంటింట్లోకి వెళ్లిపోయింది.