మసి పరిచిన దారి

చిట్యాల దాటాక ఉన్న ఆ ఊరికి కరెంటు తెచ్చింది గుర్వయ్య సేటు. బియ్యం మిల్లు పక్కన రేకుల షెడ్డు వేసి, రాతిబొగ్గును మూత పొయ్యిలో మగ్గబెట్టి, అందులోంచి వచ్చే గ్యాసుతో ఇంజను తిప్పించాడు. పొద్దంతా మిల్లు, దీపాలవేళకు బజారులో నలభై బల్బులు. ఊరంతా మురిసింది, చాకలి ఈదమ్మ తప్ప.

పొద్దున పొయ్యి రాజేసినప్పుడు షెడ్డు పొగగొట్టం నల్లగా కక్కేది. సరిగ్గా అప్పుడే ఆమె ఉతికిన బట్టలు బండల మీద ఆరుతుండేవి. మసి జిడ్డుగా అంటుకునేది. దులిపితే రాలదు, తుడిస్తే సాగుతుంది. మళ్ళీ ఉతకడం ఆమె వంతే, తిట్లూ ఆమెకే.

"సేటూ, బట్టలు ఆరినంక ముట్టియ్యి పొయ్యి" అని అడిగింది.

"నీ బట్టల కోసం మిల్లు బందు వెట్టాల్నా? జాగా మార్చుకో."

"మా అత్త కాలం నుంచి మాదే గా బండ. నీ గొట్టం నిన్న మొలిచింది."

"నోరు లేస్తాంది ఈదీ!"

"నోటికింకా మసి వట్టలే సేటూ."

ఆ ఎండాకాలం సేటు బిడ్డ పెండ్లి. ఎదురుకోలు నుంచి పందిరి దాకా పెండ్లికొడుకు కాలు నేలకు తగలకుండా బట్టలు పరవాల్సింది ఊరి చాకలే. అంగడి బట్ట పనికిరాదు. ఈదమ్మ మూట విప్పి, తాపీగా పరుచుకుంటూ పోయింది. తెల్లబట్టల నిండా నల్లచారలు.

మేళం ఆగింది. సేటు ఉరికొచ్చాడు.

"ఏందే ఇది? నా ఇజ్జత్ తీస్తానవా? మంచియి తే!"

"యాడికెళ్ళి తేవాలె? పొద్దుగాల ఉతికినయే గివి."

"పక్కూరి చాకలిని పిలిపిస్త!"

"పిలువు. నా ఊర్ల బట్ట పరిచే మొనగాడు మా కులంల ఉంటె రమ్మను."

పెండ్లికొడుకు తండ్రి మల్లన్న వంగి, బట్టను వేలితో రాశాడు. వేలు నల్లబడింది.

"బావా, గీ మసి ఎవలిది?"

సేటు నేల చూశాడు. "మిల్లుది."

"నీ మిల్లుదేనా? మరి ఆమె మీద లేస్తవేంది? నడువు కొడుకా, మీ మామ పరిచిండు."

ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. పెండ్లికొడుకు పసుపు పాదాలు పీటల దగ్గరికి చేరేసరికి నల్లబడ్డాయి. ఇక అల్లుని కాళ్ళు కడగాల్సింది మామే. సేటు పళ్లెం ముందు కూర్చుని నీళ్ళు పోసి రుద్దాడు. మసి పోలేదు, సాగింది. మళ్ళీ రుద్దాడు.

"కుంకుడు రసం పొయ్యి సేటూ" అంది పందిరి బయటినుంచి ఈదమ్మ. "ఒక్కపారికి పోదది."

మర్నాడు ఆమె బట్టలు ఆరేసేటప్పుడు గొట్టం చల్లగా ఉంది. ఈదమ్మ నమ్మలేదు. చివరి బట్ట ఆరి మడతలో పడేదాకా, నడుం మీద చేతులు పెట్టుకుని ఆ గొట్టానికి ఎదురుగానే నిలబడింది.